వేలంల గెలిచిన పొట్టేలు, ఇంటికొచ్చిన గోమార్లు

నేను కూసోను సార్, మీరు కూసోండ్రి. నేను నిలవడే తాగుత చాయ్. పొద్దటిసంది చూస్తున్న, అందరి కండ్లు నా మీదనే. క్లాసుల కూసోలే, స్టాఫ్‌రూంల కూసోలే, హెడ్‌మాస్టర్ మీటింగ్ పెడ్తె గోడకు ఆనుకొని నిలవడ్డ. "ఏంది సార్, నడుం పట్టిందా?" అని ఒకరు. "పైల్సా సార్?" అని ఇంకొకరు, అదీ చెవుల మెల్లగ. పైల్స్ అయితె ఎంత బాగుండు! ఇజ్జత్‌తోని చెప్పుకునే రోగమది. నాకైంది చెప్పుకునేటట్టు లేదు. అయినా చెప్త. నేను చెప్పకుంటె నా సడ్డకుడు ఊరంత చెప్తడు, ఆయన నోటికెళ్లి మీరు వినేకన్న నేను చెప్పుడే నయం.

నవ్వుతరు, నాకెరికే. నవ్వుండ్రి. కని నిన్నటిదాంక నేను ఎంత ఏడ్చిన్నో గది సుత వినుండ్రి.

అంతటికి కారణం ఒక గొర్రెపొట్టేలు. పాపం, దానిదేం తప్పు లేదు. నా జిద్దు, నా మొండిపట్టు.

మా సునీత దవాఖాన్ల స్టాఫ్ నర్సు గద. ఆమెకు హైదరాబాద్‌ల వారం రోజుల ట్రైనింగ్ పడ్డది, మొన్న శనివారం పోయింది. పోవుడా వద్దా అని మస్తు గుంజాటన పడ్డది. ఎందుకంటె మా చిన్నది, బ్లెస్సీ. ఇప్పుడు ఒకటో తరగతి. దానికి రెండేండ్లున్నప్పుడు జ్వరంల ఫిట్స్ వచ్చినయ్. పిల్ల కండ్లు పైకి పోయి, ఒళ్లు కట్టె లెక్క బిగుసుకపోయింది. ఊరందరి పిల్లలకు సూది వేసే మనిషి, సునీత, ఆ దినం నా అంగి పట్టుకొని గజగజ వణికింది. మళ్ల రాలే ఫిట్స్. పెద్దగైతుంటె రావని డాక్టర్లు సుత చెప్పిండ్రు. కని ఇప్పటికి సుత పిల్ల ఒళ్లు జర వేడైతె చాలు, మా ఇంట్ల ఎవ్వరికి బువ్వ దిగది.

పిల్ల పుట్టినంక సునీత దాన్ని ఇడిచి పోవుడు ఇదే మొదటిసారి. బస్సెక్కేముందు నన్ను పక్కకు పిలిచింది.

"ఇల్లు ఊడ్వకున్న మంచిదే. బట్టలు పిండకున్న మంచిదే. పిల్లకు జ్వరం రాకుండ చూస్కో. ఏమన్న అయితె నాకు వెంటనే చెప్పు. నీతోని అయితదా?"

"క్లాసు నిండ పోరగాండ్లను సంభాళిస్త, ఇంట్ల ఇద్దర్ని సంభాళించనా? ఫికర్ చెయ్యకు, పో!"

గంత పెద్ద మాట అనకుంటె బాగుండు.

మరునాడు ఆదివారం, మా చర్చిల కోతల పండుగ. మీల కొందరికి తెల్వకపోవచ్చు. పంట చేతికొచ్చినంక ఎవలకు తోచింది వాళ్లు తెచ్చి దేవుని ముంగట పెడ్తరు. వడ్లు, మక్క కంకులు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు. ఆరాధన అయినంక టెంటు కింద అవన్ని వేలం పాడ్తరు. వచ్చిన పైసలు చర్చికి. అక్కడ ఒక సొరకాయ బంగారం ధర పలుకుతది. కొన్నోడు దాన్ని ఇంటికి తీస్కపోడు, "మళ్ల వేలానికి పెట్టుండ్రి" అంటడు. గట్ల ఒక్క సొరకాయ ఎందరి చేతులో మారుతది. కొన్నదాన్ని తిరిగిచ్చుడే అక్కడ పెద్దరికం. గీ ముక్క జర యాదుంచుకోండ్రి.

ఈసారి ఉట్నూర్ దిక్కు నుంచి ఒక రైతు పొట్టేలును తెచ్చిండు. అడవిల మేసి మేసి ఎట్లున్నదనుకున్నరు! కొమ్ములకు రిబ్బన్లు, మెడల బంతిపూల దండ. పెండ్లికొడుకు కన్న మంచిగున్నది. పాస్టర్ ప్రార్థన చేస్తుంటె సుత అందరు ఒక కన్ను తెరిచి దాన్నే చూసిండ్రు.

ఇగ నా సడ్డకుడు ప్రభాకరన్న. అంటె మా సునీత వాళ్ల అక్క మొగుడు. మస్కట్‌ల పని, లీవు మీద వచ్చిండు. మంచోడే, అబద్ధం ఎందుకు చెప్పాలె. కని ముందు ఆయన సెంటు వాసన వస్తది, ఎన్కసీరి ఆయన వస్తడు. ఆయన ఉన్న ప్రతి పండుగకు అందరికన్న పెద్ద వస్తువు ఆయనే పాడ్తడు. పాడి, చేతులు కట్టుకొని, మెల్లగ, "మళ్ల పెట్టుండ్రి పెద్దన్నా" అంటడు. ఇగ ఆడోళ్లందరు "ఎంత మనసు, ఎంత మనసు" అనుడు. మా అవ్వ సుత అంటది! ఇంటికొచ్చి నా ముంగటనే అంటది! నాకు కడుపుల మండదా?

సంఘపెద్ద వేలంపాట మొదలువెట్టిండు. ప్రభాకరన్న పాడిండు. నేను పెంచిన. ఆయన పెంచిండు. నేను పెంచిన. మిగిలినోళ్లంత ఎప్పుడో ఆగిపోయిండ్రు, మా ఇద్దరి మొఖాలే చూస్తున్నరు. ఆయన లేచి పొట్టేలు తానికి పోయిండు, దాని చెవి పట్టుకొని నిమిరిండు. నిమిరి, జేబుల రుమాలు తీసి చెయ్యి తుడుచుకున్నడు. నా దిక్కు చూసి కన్ను కొట్టిండు.

కన్ను! అందరి ముంగట! నన్ను ఎక్కిరిస్తుండని ఇంకింత పెంచిన. మళ్ల కొట్టిండు. మళ్ల పెంచిన. ఆయన పాడుడు బంజేసిండు గద, నా మీద నేనే పెంచుకుంట పోయిన. సంఘపెద్దనే "ఆగు తమ్మీ, నీదే పాట" అని నన్ను ఆపిండు. ఎంతకు పాడిన్నో అడగకుండ్రి. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ప్రభాకరన్న రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నడు. ఓడిపోయిన బాధ అనుకున్న.

పాస్టర్ నవ్వుకుంట అడిగిండు, "బ్రదర్, మళ్ల వేలానికి పెడ్తరా?"

పెడ్తె ఎవడు పాడ్తడు? గాయనే పాడ్తడు! "లేదు అయ్యగారు, ఇంటికి తీస్కపోత" అన్న. టెంటు కింద అందరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. నాకేం పట్టలే. క్రిస్మస్‌కు కోయిస్త, చుట్టాలందర్ని పిలుస్త, సడ్డకునికి నా చేతితోని మూలుగ బొక్క వేస్త. నా కండ్ల ముంగట గదే కనవడుతున్నది.

ఆటోల తీస్కొచ్చినం. మా పెద్దోడు సన్నీగాడు కొమ్ములు పట్టుకున్నడు, బ్లెస్సీ మెడ సుట్టు చేతులేసి దాని చెవుల ముద్దులు పెట్టుకుంట వచ్చింది. ఇంటికి రాంగనే దానికి పండు అని పేరు పెట్టిండ్రు. వాకిట్ల గోనె సంచి పరిచి పండుకు పక్క వేసిండ్రు. దాని కడుపు మీద నెత్తి పెట్టి పిల్లలిద్దరు పగటి నిద్ర పోయిండ్రు. నేను లుంగీ కట్టుకొని వచ్చి, గదే గోనె సంచి మీద కూసొని, పొట్టేలుకు ఆకు వేసుకుంట, గెలుపును కడుపు నిండ అనుభవించిన. గీ గోనె సంచి ముచ్చట సుత యాదుంచుకోండ్రి.

సోమవారం పొద్దున అవ్వ బ్లెస్సీకి నెత్తి దువ్వుతున్నది. ఒక్కసారి కేక.

"ఓ కొడుకా, ఇటు రా! పిల్లకు చెవెనుక పుట్టుమచ్చ వచ్చిందిరా!"

"పుట్టుమచ్చ ఇప్పుడొచ్చుడేందే అవ్వా, పుట్టంగ ఉండాలె గద."

"నీకేం తెల్సు? మీ బాపుకు సుత గక్కడనే ఉండె. ఎంత అదృష్టమంతుడు!"

"బాపుకు ఏం అదృష్టం వచ్చిందే?"

"నన్ను చేసుకోలేదారా?"

నాకు సుత సంబరమయింది. సునీతకు పంపుదామని ఫోటో తీసిన. "మన బిడ్డకు దేవుడిచ్చిన దీవెన" అని కింద రాసిన సుత. పంపేముందు ఎందుకో వేలుతోని ఫోటో పెద్దగ చేసి చూసిన.

మచ్చకు కాళ్లున్నయ్.

"అవ్వా, గిది గోమారే!" అని ఒర్రిన. గొర్లకు, గొడ్లకు పట్టి నెత్తురు తాగే పురుగు, పొట్టనిండ తాగినంక శనగగింజ లెక్క ఉబ్బుతది చూడుండ్రి, గది. సన్నీగాని అంగి ఇప్పించిన, చంకల ఒకటి. అవ్వ "నాకు సుత దురద పెడ్తున్నదిరా" అని చీర చెక్కిన తాన చూసుకుంటె నడుం మీద ఒకటి. ఉరికి పోయి పొట్టేలు చెవి మలిచి చూసిన. దేవుడా! లోపల సందు లేదు. బస్సుల సీటు దొరికినోళ్ల లెక్క పక్కపక్కకు కూసున్నయ్.

అప్పుడే సునీతకు ఫోన్ చేస్తె కథ అక్కడనే ఒడిసిపోతుండె. "ఏమన్న అయితె వెంటనే చెప్పు" అన్నది గద. కని ఏమని చెప్పాలె? పోయిన రెండో దినానికే నీ పిల్లల్ని పురుగులకు అప్పజెప్పిన అని చెప్పాల్నా? "నేనే తీస్త" అనుకున్న.

"బీడీ ముట్టించి సురక పెట్టురా, అదే ఇడిసి పడ్తది" అన్నది అవ్వ.

మా ఇంట్ల బీడీ ఎక్కడిది? అగరొత్తులు సుత లేవు. ఉన్నది దోమల కాయిల్. దాన్ని ముట్టించి పిల్ల చెవెనుక పెట్టిన. మీరే చెప్పుండ్రి, గంత లావు కాయిల్‌తోని గంత చిన్న పురుగును సురక పెట్టుడు అయితదా? వెంట్రుకలు సుర్రుమన్నయ్. చెవెనుక తోలు కమిలింది. పిల్ల ఇల్లెగిరిపోయేటట్టు ఏడ్చింది. గోమారి మాత్రం ఉలకలే పలకలే.

"అయితె నొప్పుల బామ్ రాయి, ఊపిరాడక బయటికొస్తది" అన్నది అవ్వ. రాసిన. కాలిన తోలు మీద బామ్! పిల్ల మంచం మీదికెళ్లి దునికి వాకిట్లకు ఉరికింది. దాన్ని పట్టుకునుడే ఒక పని అయింది. ఇగ లాభం లేదని రెండు గోర్ల నడుమ పట్టి పుటుక్కున పీకిన. పురుగు వచ్చింది. సంబరపడ్డ. వేళ్లు చూసుకుంటె నెత్తురు, పురుగు ఒళ్లు. పిల్ల తోలుల ఒక నల్లటి సుక్క అట్లనే ఉన్నది.

"తల లోపల్నే ఉన్నదిరా" అన్నది అవ్వ.

ఫోన్ల వీడియోలు చూసిన. ఒకడు ఏం గాదు అన్నడు. ఇంకొకడు దీంతోని జ్వరం వస్తది అన్నడు. జ్వరం! ఆ మాట వినంగనే ఫోన్ పక్కకు పడేసి పిల్ల నుదురు పట్టి చూసిన. పీకుడు తప్పు పీకిన, కాల్చుడు తప్పు కాల్చిన, ఇగ జ్వరం సుత నేనే తెచ్చి పెట్టిన్నా పిల్లకు? ఆ దినం బడికి వచ్చిన గద, మీతోని మాట్లాడిన గద, నాకేం యాదికి లేదు. నడుమ నడుమ ఇంటికి ఫోన్ చేసి "ఒళ్లు వేడున్నదా చూడవ్వా" అనుడే నా పని.

సాయంత్రం సునీత వీడియో కాల్. అంతకుముందే నేను పిల్లను తయారు చేసిన. కాలిన మచ్చ కనవడద్దని మంకీ క్యాప్. క్యాప్ ఒక్కటే పెడ్తె అనుమానం వస్తదని స్వెట్టర్. చేతుల చాక్లెట్.

"అదేంది, పిల్లకు మంకీ క్యాప్ పెట్టినవు?"

"చలి సునీతా. మన దిక్కు మస్తు పెడ్తున్నది."

"మరి ఎనుక ఫ్యాన్ తిరుగుతున్నదేంది?"

"గది... అవ్వకు ఉడుకపోస్తున్నదట."

"నాకెక్కడి ఉడుకపోసుడురా?" అని పక్కకెళ్లి అవ్వ.

సునీత కండ్లు చిన్నగ చేసి చూసింది. "పొట్టేలును కొన్నవట గదా? అక్క చెప్పింది. సరే, వచ్చినంక మాట్లాడుత. బ్లెస్సీ, జ్వరం లేదు గద బిడ్డా?"

"లేదు మమ్మీ. డాడీ ఏం చెప్పద్దన్నడు."

నేను గట్టిగ నవ్విన. "జోకులు నేర్చుకున్నది సునీతా నీ బిడ్డ! హలో? హలో? సిగ్నల్ పోతున్నది!" సిగ్నల్ మంచిగనే ఉన్నది. ఫోన్ బంద్ చేసిన.

మంగళవారం పిల్లను బడికి పంపుకుంట గట్టిగ చెప్పిన. "క్యాప్ తియ్యద్దు. స్వెట్టర్ తియ్యద్దు. టీచర్ అడిగినా తియ్యద్దు." ఎందుకంటె వాళ్ల టీచర్ సునీతకు దోస్తు. చెవెనుక మచ్చ చూస్తె పావుగంటల హైదరాబాద్‌కు కబురు పోతది. క్యాప్ ఎందుకని అడుగుతరేమోనని లోపల ఇంకో స్వెట్టర్ సుత తొడిగిన, చలికి ఆగుతలేదని చెప్పుకోవచ్చని.

నా బిడ్డ ఎట్లాంటిదంటె, చెప్పిన మాట దాటది. మా ఇంట్ల నా మాట వినేది గదొక్కతే. గదే కొంప ముంచింది.

పగటీలి హెడ్‌మాస్టర్ దగ్గర పర్మిషన్ తీస్కొని పిల్లను చూస్తందుకు ఇంటికి పోయిన గద, ఎండ ఎట్లున్నది ఆ దినం? బ్లెస్సీ బడికెళ్లి అప్పుడే వచ్చింది. మొఖం ఎర్రగ మందారం లెక్కయింది. కండ్లు వాలిపోయినయ్. "డాడీ, నాకు ఎట్లనో అయితున్నది" అన్నది. నుదురు మీద చెయ్యి పెట్టిన. పెనం!

సార్, నవ్వే ముచ్చటే గని ఇక్కడ మాత్రం నవ్వద్దు. నాకు ఆ పాత దినం కండ్ల ముంగట తిరిగింది. ఆ కండ్లు పైకి పోవుడు, ఆ బిగుసుకపోవుడు. సునీత ఒక్కటే ఒక్క పని చెప్పి పోయింది నాకు. ఒక్కటి! ఇగ సునీతకు ఫోన్ చేసిన.

"సునీతా... పిల్లకు జ్వరమొచ్చింది. గోమారి కరిచింది. నేనే పీకిన, తల లోపల్నే ఉన్నది. కాయిల్ సుత పెట్టిన. బామ్ రాసిన. నేనే చేసిన సునీతా, అంత నేనే చేసిన!"

ఆమె తిట్టలే. తిట్టినా బాగుండు. "దవాఖానకు తీస్కపో. నేను బయల్దేరుతున్న" అన్నది. ఫోన్ పెట్టేసింది.

బండి మీద ఎన్క అవ్వ పిల్లను ఒళ్లె పెట్టుకొని కూసున్నది. తొవ్వ పొడుగూత "ప్రభువా, నా కొడుక్కు బుద్ధి లేదు, పిల్లకు ఏం కావద్దు" అని గట్టిగ ప్రార్థన. సిగ్నల్ కాడ పక్క బండోళ్లు సుత ఆమెన్ అన్నరేమో, నాకు వినవడలే. నేను సుత ఏడ్చుకుంటనే నడుపుతున్న.

పిల్లల డాక్టరమ్మ తానికి నేరుగ లోపలికి ఉరికిన.

"జ్వరం ఎంత ఉంది? చూశారా?"

"చూడలే మేడం. చెయ్యి పెట్టి చూసిన. కాలిపోతున్నది. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చినయ్ మేడం, జల్ది చూడుండ్రి!"

ఆమె పిల్ల దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. "ముందు ఆ టోపీ తీయండి. స్వెట్టర్ తీయండి." తీసిన. "లోపల ఇంకో స్వెట్టరా?" అది సుత తీసిన. పిల్ల అంగి చెమటతోని పిండుకునేటట్టు ఉన్నది. "బయట అంత ఎండ ఉంటే ఇదేంటండీ?" అని ఫ్యాన్ కింద కూసోవెట్టింది, నీళ్లు తాగించింది. జర సేపు ఆగి చంకల థర్మామీటర్ పెట్టింది. నేను గోడకు తిరిగి కండ్లు మూసుకున్న.

"పాపకు జ్వరం లేదు. మీరే ఉడకబెట్టారు."

బ్లెస్సీ గ్లాసు కింద పెట్టి, "డాడీ, ఇప్పుడు క్యాప్ పెట్టుకోవాల్నా?" అన్నది. పిల్లను గట్టిగ పట్టుకొని అక్కడనే వెక్కి వెక్కి ఏడ్చిన. బయట లైన్ల కూసున్నోళ్లు లోపల ఏమయిందో అని లేచి నిలవడ్డరు.

డాక్టరమ్మ సన్నటి చిమ్టాతోని తోలుల ఉన్న నల్ల సుక్కను తీసింది, సబ్బు నీళ్లతోని కడిగింది. గోమారి పట్టితె కాల్చద్దు, ఏది రాయద్దు, ఒత్తద్దు, తోలు దగ్గర మెల్లగ పట్టుకొని సక్కగ పైకి గుంజాలె, గంతే అన్నది. ఇంకొన్ని దినాలు జ్వరం గని దద్దుర్లు గని వస్తయా చూస్కోమన్నది. "మరి ఈ కాలిన మచ్చేంటి?" అని అడిగింది.

"దోమల కాయిల్ పెట్టిండు డాక్టరమ్మా. నేను వద్దన్న, విన్లే" అన్నది మా అవ్వ.

చూసిండ్రా? బీడీ సురక చెప్పిన మనిషి!

సునీతకు ఫోన్ చేసిన. "జ్వరం లేదు, నువ్వు రాకు, ట్రైనింగ్ పాడు చేసుకోకు" అని చెప్దామని. అప్పటికే బస్సు తూప్రాన్ దాటింది.

పొద్దుగూకంగ వచ్చింది. పిల్లను ఒళ్లె పెట్టుకొని వెంట్రుకలు పాయలు పాయలు తీసి చూసింది. చెవులు, మెడ, చంకలు, నడుం, మోకాలు ఎనుక, అన్ని చూసింది. సన్నీని చూసింది, అవ్వను చూసింది. భయానికి నేను ముట్టని వాళ్ల గోమార్లు తీసి కడిగింది. బట్టలన్ని ఉడుకు నీళ్లల్ల వేసింది. అప్పుడు నా దిక్కు తిరిగింది.

"పురుగు కరుస్తది. తీసి పడేస్తరు. గది ఏమన్న పెద్ద ముచ్చటనా? నాతోని ఒక మాట చెప్తె ఫోన్లనే చెప్పకపోదునా? నువ్వు పిల్ల నోరు మూయించినవు. ఆమెకు ఏమన్న అయితున్నా చెప్పద్దు అని నేర్పినవు. నాకు భయం అయ్యేది గందుకు." గట్లని కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. దోమల కాయిల్ నా నెత్తి మీద పెట్టినా గంత బాధ కాకపోతుండె.

కండ్లు తుడుచుకొని, "నువ్వు అంగి ఇప్పు, చూస్త" అన్నది. ఇప్పిన. ఏం లేవు. "కిందికి?"

"పిల్లల ముంగటనా? నాకేం లేవన్న గద!"

ఇంత అయినంక సుత బుద్ధి రాలే చూడుండ్రి.

నిన్న సాయంత్రం పిల్లను చూస్తందుకు ప్రభాకరన్న, వదిన వచ్చిండ్రు. "కూసో అన్నా" అని ఆయనకు కుర్చీ వేసి, నేను సుత ఎదురుంగ దభాల్న కూసున్న. కూసున్నంత జల్ది లేచిన. "అమ్మా!" అన్న కేక వాకిట్ల పండుకు సుత వినవడ్డది, అది సుత అరిసింది.

ఇగ అందరికి అర్థమయింది. గోనె సంచి, లుంగీ. ఆదివారంసంది నేను కూసున్న ప్రతి కుర్చీల నా కింద ఇంకొకరు కూసున్నరు.

సునీత లోపలికి పోయి చిమ్టా తెచ్చింది. నా దిక్కు రాలే. ప్రభాకరన్న చేతుల పెట్టింది. "బావా, మీరే తీయుండ్రి. నేను తీస్తె తోలు సుత వస్తది."

ఏం చేయాలె? అర్రలకు పోయి తలుపు పెట్టుకున్నం. నేను మంచం మీద బోర్ల. ఎనుక నా సడ్డకుడు, మస్కట్ సెంటు, ఒక చేతుల ఫోన్ టార్చి, ఇంకో చేతుల చిమ్టా. తలుపవతల పిల్లలు కిసకిస నవ్వుతున్నరు.

"కదలకు తమ్మీ."

"జల్ది తియ్యన్నా."

"మెల్లగ గుంజాలె. ఒక మాట అడుగుత. వేలంనాడు నేను ఎందుకు ఆగిన్నో నీకు ఎరికేనా?"

"నీ తాన అంత పైసలు లేక."

"కాదు తమ్మీ. దాని చెవి పట్టుకున్న గద, చేతికి గోమార్లు తలిగినయ్. ఇగ నీకు కన్ను కొడ్తున్న, ఆపు ఆపు అని. నువ్వు పెంచుతనే ఉన్నవు. నేను నెత్తి మీద చేతులు పెట్టుకున్న. సరే, పాస్టర్ అడిగినప్పుడన్న ఇడిసిపెడ్తవనుకున్న. ఇంటికి తీస్కపోత అంటివి."

నేను మెత్తల మొఖం పెట్టుకున్న.

"అన్నా, వచ్చిందా?"

"వస్తలేదు తమ్మీ. ఎంత గుంజినా ఇడుస్తలేదు. దీని జిద్దు చూస్తె నీ చుట్టమే అనిపిస్తున్నది."

జర సేపటికి ఊడొచ్చింది. కాగితంల పెట్టి నా కండ్ల ముంగట పట్టిండు. శనగగింజంత! "ఆదివారంసంది తిన్నది మస్తుగ. వేలంల లాభపడ్డది ఇదొక్కటే" అన్నడు.

పొట్టేలా? దాని చెవులకు మందు పెట్టించిన, సూది వేయించిన. కోసుడు మాత్రం లేదు, పిల్లలు పండు కాళ్లు పట్టుకొని ఏడుస్తున్నరు. రోజు పొద్దున మేపుకరావుడు నా డ్యూటీ. సునీత ఆర్డర్. తిరిగొచ్చినంక వాకిట్లనే బట్టలు ఇడిసి, నన్ను నేను మొత్తం చూసుకొని లోపలికి రావాలె.

గందుకే నిలవడ్డ సార్. గాయం మానేదాంక రెండు దినాలు కూసోవద్దన్నది సునీత. గా మూలకున్న దిండు కుర్చీ నాది గద, ఖాళీగనే ఉన్నది. ఎవలకు కావాల్నో మీరే పాడుకోండ్రి. నేనైతె చెయ్యి ఎత్తను.